వెనక్కి చూసే పని

నల్లగొండ గడియారం దగ్గర నుంచి పానగల్లు చెరువు కట్ట చివరిదాకా సైకిల్ మీద పోతే ఆయాసం రాదు. ఒక పక్క లతీఫ్‌సాబ్ గుట్ట, ఇంకో పక్క కాపురాల గుట్ట పెట్టుకున్న ఊళ్ళో ఇంత సాపు దారి ఉందంటే బయటివాళ్ళు నమ్మరు. పోను రాను పది కిలోమీటర్ల పైచిలుకు. మొత్తం దారిలో లేచి నిలబడి తొక్కాల్సింది ఒకే ఒక్క చోట, రోడ్డు వదిలి కట్ట మీదికి ఎక్కేటప్పుడు. అక్కడ కూడా మేం తొక్కేవాళ్ళం కాదు, దిగి తోసేవాళ్ళం. ఆ దిగడమే మాకు పెద్ద పని. అది తర్వాత చెప్తాను.

మేం అంటే నేనూ, మా పెద్దనాయినా. 1986లో నాకు పదేళ్ళు. పెద్దనాయిన మర్రిగూడ వైపు పల్లెలో వ్యవసాయం చేసేవాడు. ఆ ఏడు ఎండాకాలం మా ఇంటికి వచ్చాడు, పెద్దాసుపత్రిలో చూపించుకుని వారం రోజుల్లో పోతానని. ఎనిమిదేళ్ళు ఉన్నాడు. రెండు నెలల తర్వాత పెద్దమ్మ బర్రెను అమ్మేసి తనూ వచ్చేసింది.

ఆయనకు బొక్కలు పట్టేసినయి. మా జిల్లా వాళ్ళకు ఇంతకంటే చెప్పాల్సిన పని లేదు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను, బొక్కలంటే ఎముకలు. ఆ వైపు నేల కింది రాతిలో ఫ్లోరైడ్ ఉంది. అది కరిగి బావి నీళ్ళలోకి, ఇంకా లోతుకు పోతే బోరు నీళ్ళలోకి దిగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగొద్దంటారు. మావాళ్ళు కొలిచే దిక్కు లేని రోజుల నుంచీ తాగారు. పిల్లలకైతే పళ్ళ మీద పసుపుపచ్చ గార. పెద్దవాళ్ళకు ముందు నడుము, ఆ తర్వాత మెడ, మోకాళ్ళు. పెద్దనాయిన మెడ తిప్పాలంటే మనిషి మనిషే తిరగాలి. వెనక నుంచి ఎవరన్నా పిలిస్తే ఎడ్లబండిని మలిపినట్టు అడుగులో అడుగేసుకుంటూ తిరిగేవాడు. మోకాళ్ళు సగమే వంగేవి. కింద కూచుంటే ఇద్దరు పట్టుకుని లేపాలి కాబట్టి పెండ్లిళ్ళలో బంతికి కూచోవడం ఎప్పుడో మానేశాడు.

మా ఊరి పేరు మీద ఒక పద్ధతే ఉంది, నల్లగొండ టెక్నిక్ అని. నాగపూర్‌లోని నీరి సంస్థ వాళ్ళు తయారు చేశారు. నీళ్ళలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక కలిపి బాగా తిప్పి వదిలేస్తే ఫ్లోరైడ్ మడ్డితో పాటు అడుక్కి దిగుతుంది, పైన తేరిన నీళ్ళు వంపుకోవాలి. చదువులో ఆ పేరు చూసినప్పుడు మా క్లాసులో మిగతా జిల్లాల పిల్లలు నన్ను చూసి "మీ ఊరే కదా" అని గొప్పగా అన్నారు. గొప్పేం ఉంది అందులో? పెద్దమ్మ ప్లాస్టిక్ బకెట్‌లో పటిక నీళ్ళు గరిటెతో తిప్పుతూ కూచునేది. తెల్లారి అడుగున కొబ్బరిపాల విరుగుడు లాంటి తెల్లటి మడ్డి. "ఇది ఇన్నేండ్లు మన ఒంట్ల పేరుకున్నదా బిడ్డా" అని అడిగేది. నేను తల ఊపేవాణ్ణి. ఏం తెలుసని ఊపానో.

డాక్టర్ రోజూ కాళ్ళు ఆడించమన్నాడు. వీధి మలుపు దాకా నడిస్తే చాలు, పెద్దనాయినకు నడుములో కత్తి పెట్టినట్టుండేది. సైకిల్ సంగతి ఎట్లా బయటపడిందో చెప్తాను. మా వాడకట్టు మూలమీద సైకిల్ ట్యాక్సీ, అంటే అద్దె సైకిళ్ళ దుకాణం, ఉండేది. గంటకు అర్ధ రూపాయి. ఎర్ర రంగు అట్లాస్‌లు ఏడెనిమిది, వాటి మడ్‌గార్డుల మీద తెల్ల పెయింటుతో నంబర్లు. చివర్న గోడకు ఆనించి ఒక లేడీస్ సైకిల్. దాన్ని ఎవరూ తీసుకోరు. మగపిల్లలు సిగ్గుపడేవాళ్ళు, ఆడపిల్లలు అద్దె సైకిల్ దుకాణానికి వచ్చే రోజులు కావవి. ఒకరోజు నేను గాలి కొట్టిస్తుంటే పెద్దనాయిన పక్కన నిలబడి ఆ లేడీస్ సైకిల్‌నే చూస్తున్నాడు. దానికి డండా ఉండదు. కాలు ఎత్తి అవతల వెయ్యనక్కర్లేదు.

దుకాణం భాయ్ మాట మాట్లాడకుండా సీటు నట్టు వదులు చేసి, సీటును ఎంత పైకి లేపొచ్చో అంత లేపాడు. మోకాలు తక్కువ వంగాలంటే సీటు ఎత్తులో ఉండాలి. పెద్దనాయిన దుకాణం అరుగు మీద నుంచి సీటు మీదికి జరిగాడు. తొక్కాడు. పది గజాలు పోయాక ఒకసారి అటూ ఇటూ ఊగి సర్దుకున్నాడు. పొలానికి పదిహేనేళ్ళు సైకిల్ మీదే పోయొచ్చిన మనిషి, కాళ్ళు మరిచిపోలేదు. నడుము మీద బరువు పడదు కాబట్టి నొప్పి కూడా లేదు. కానీ సీటు అంత ఎత్తులో ఉంటే కాళ్ళు నేలకు అందవు. దిగాలంటే పక్కన ఏదో ఒక ఎత్తు ఉండాలి. ఆ మొదటి రోజు అరుగు దాకా తిరిగి వచ్చి, దాని మీద కాలు పెట్టి దిగాడు. ఆనకట్ట కట్టినంత సంబరంగా నా వైపు చూశాడు, అంటే మొత్తం తిరిగి చూశాడు.

ఆ ఆదివారం నుంచే పానగల్లు ప్రయాణం మొదలైంది. గుట్టల వైపు దారులు ఆయనకు పనికిరావు. ఎక్కుడు వస్తే మోకాళ్ళు మొరాయిస్తాయి. పానగల్లు రోడ్డు మాత్రం అరచెయ్యి లాగ ఉండేది. కట్ట సంగతి చెప్పక్కర్లేదు, నీళ్ళను పట్టి నిలబెట్టే కట్ట పైభాగం సాపుగా లేకపోతే ఎట్లా. కట్ట కింద తూము నుంచి పొలాలకు పోయే కాల్వ గట్టు కూడా అంతే. నీళ్ళు మెల్లగా జారేటంత వాలు చాలు, సైకిల్‌కు అది తెలియను కూడా తెలియదు.

మెడ తిరగని మనిషికి రోడ్డు మీద వెనక ఏం వస్తుందో ఎట్లా తెలుస్తుంది? అందుకని నేను. క్యారియర్ మీద వెనక్కి తిరిగి కూచోవాలి, వీపు పెద్దనాయిన వీపుకు ఆనించి. అదే నా ఉద్యోగం.

"ఏమొస్తందిరా?"

"బస్సు, పెద్దనాయినా. దూరముంది."

"ఊఁ."

దగ్గరికి వచ్చేసరికి "బస్సు బస్సు" అని రెండుసార్లు అనాలి. అప్పుడు ఆయన రోడ్డు దిగి మట్టి మీదికి జరిగేవాడు. స్కూటర్‌కు ఒకసారి చాలు. ట్రాక్టర్ అయితే నేను చెప్పకముందే వినపడేది. "నీ కంటె ముందు నా చెవులు పడుతున్నయ్‌రా" అని ఎగతాళి. నాకు రోషం వచ్చి అల్లంత దూరాన చీమంత కనిపించిన దాన్ని కూడా లారీ అని అరిచేవాణ్ణి, తీరా దగ్గరికి వస్తే అది గడ్డి మోపులు కట్టిన ఇంకో సైకిల్.

ఆ దారిని నేను మొత్తం తలకిందులుగా నేర్చుకున్నాను. అందరికీ ఎదురుగా వచ్చేవి నాకు వెనక నుంచి వచ్చి దూరమయ్యేవి. తాటిచెట్టు పక్క నుంచి ఒక్కసారి ఊడిపడినట్టు కనిపించి, ఆ తర్వాత నెమ్మదిగా చిన్నదయ్యేది. మోట బావి, చింతచెట్టు, కల్లు మండువ, అన్నీ అంతే. పానగల్లు దారి ఎదురుగా ఎట్లా ఉంటుందో నేను చూసింది ఇంటర్‌కు వచ్చాక, సొంత సైకిల్ కొన్నాక. అప్పుడు దారి తప్పినట్టు అనిపించింది.

మేం ఆగే చోట్లన్నీ ఎత్తున్న చోట్లే. ఊరు దాటాక మోరీ గోడ. పానగల్లులో పచ్చల సోమేశ్వరాలయం ముందు అరుగు. కట్ట మీద తూము గోడ. వీటి మధ్యలో దాహం వేసినా, ఇంకేం వచ్చినా ఆగేది లేదు. పచ్చల సోమేశ్వరాలయం గోడల మీద రామాయణ, భారత కథలు చిన్న చిన్న శిల్పాలుగా చెక్కి ఉంటాయి. పెద్దనాయిన తన మెడ ఎత్తుకు ఏ వరస వస్తే ఆ వరసే చూసేవాడు. పైన ఏముందో నేను చెప్పాలి. "ఒకాయన బాణం ఏస్తుండు" అంటే "ఎవని మీద" అంటాడు. చూసి చెప్పేదాకా వదలడు.

తూము గోడ దగ్గర మాత్రం గంటసేపు ఉండేవాళ్ళం. ఈ చెరువు పేరు ఉదయసముద్రం. పానగల్లు రాజధానిగా ఏలిన కందూరు చోడుల నాటిది, ఉదయన చోడుడి పేరు మీద వచ్చిన పేరు. ఎనిమిది, తొమ్మిది వందల ఏండ్ల కింద ఒక రాజు మట్టి పోయిస్తే, ఇప్పటికీ దాని కింద వరి పండుతుంది. కట్టకు ఒక పక్క సముద్రం పేరుకు తగ్గట్టు నీళ్ళు. ఇంకో పక్క, కింద, ఊట నీళ్ళు నిలిచిన మడుగులు, మడుగుల నిండా తుంగ, జమ్ము, ఆ తర్వాత పొలాలు. నాకు చెరువు కంటే ఈ మడుగుల వైపే ఇష్టం. చెరువులో పిట్టలు దూరంగా ఉంటాయి. మడుగుల్లో కాళ్ళ కిందనే తిరుగుతాయి. నల్లటి నీటికోళ్ళు జమ్ములో నుంచి తల బయటపెట్టి మళ్ళీ దూరేవి. ఆకుల మీద నడిచే పిట్ట ఒకటుంది, పొడుగు వేళ్ళది, తామరాకు మునగకముందే ఇంకో ఆకు మీదికి పోతుంది. తీతువు పిట్ట మమ్మల్ని చూడగానే ఊరంతా లేపేది. చలికాలం పొద్దున్నే పోతే చెరువు మధ్యలో బాతుల గుంపులు నల్లగా తేలుతుండేవి.

ఇక్కడ పెద్దనాయినకు ఒక చిక్కు. కొంగలు గుంపుగా లేచి తలమీద నుంచి పోతుంటే నేను "అగో అగో" అని అరుస్తాను, ఆయన తలెత్తలేడు. మొదట్లో నాకు తట్టలేదు. ఒకరోజు చూశాను, ఆయన కొంగలు లేచినప్పుడు నీళ్ళకేసి చూస్తున్నాడు. కింద నీళ్ళలో తెల్లగా పోతున్నాయి. గాలి లేని రోజైతే రెక్క రెక్క కనిపించేది. గాలి ఉంటే గీతలు గీతలుగా విరిగేది. "ఇయ్యాల్ల గాలి ఉన్నదిరా, పిట్టలు మంచిగ కనపడయ్" అనేవాడు.

ఒక ఆదివారం నా వల్ల పెద్ద తప్పు జరిగింది. కట్ట దిగి రోడ్డెక్కుతున్నాం. మడుగు అంచున ఒక లకుముకి పిట్ట ఎండిన జమ్ము కాడ మీద కూచుని ఉంది, నోట్లో పరక చేప అడ్డంగా పట్టుకుని. దాన్ని కాడకేసి కొడుతుంది, ఇటు ఒకసారి, అటు ఒకసారి. మింగడానికి చేపను తలవైపు తిప్పుకుంటుంది. నేను దాన్నే చూస్తున్నాను. వెనక నుంచి వ్యాను వస్తుంది. నాకు కనిపించింది కూడా. కనిపించినా నోరు రాలేదు, ఇంకొక్క క్షణం, అది మింగేదాకా చూద్దామని. వ్యాను వాడు చెవి దగ్గరే హారన్ కొట్టాడు. పెద్దనాయిన ఉలిక్కిపడి హ్యాండిల్ పక్కకు లాగాడు. సైకిల్, మేమిద్దరం మడుగులో.

నీళ్ళు మోకాలి లోతే. కానీ ఆయన పడిన తీరున పడిపోయి ఉన్నాడు, ముఖం పైకి, బురదలో వీపు, చేతులు ఆనించి లేద్దామన్నా నడుము వంగదు. కళ్ళు ఆకాశంకేసి ఉన్నాయి. నేను ఆయన చెయ్యి పట్టుకుని గుంజుతూ ఏడుస్తున్నాను. కట్ట మీద వల ఆరేసుకుంటున్న ఇద్దరు పరుగెత్తుకొచ్చి, దుంగను ఎత్తినట్టు ఎత్తి నిలబెట్టారు. వ్యాను ఆగలేదు. ఆ ఇద్దర్లో పెద్దాయన "పోరడు సూస్కోలే" అని నన్ను తిట్టబోతే పెద్దనాయిన "నేనే తప్పు తొక్కిన" అన్నాడు.

ఇంటికి పోయేటప్పుడు సైకిల్ తోసుకుంటూ నడిచాం. నాలుగు కిలోమీటర్లు ఆయన ఎట్లా నడిచాడో. మధ్యలో ఒకే ఒక మాట అడిగాడు.

"మింగిందా?"

నేను తల ఊపాను. నాకు చూపు వెనక్కి ఉంటే ఆయనకు ఎట్లా తెలిసిందో ఆ పిట్ట సంగతి, ఇప్పటికీ అర్థం కాదు. పక్క నుంచి పోతున్నప్పుడు చూసి ఉంటాడు. ఇంట్లో జారిపడ్డామని చెప్పాడు. అమ్మ నమ్మలేదు. నాయిన అడగలేదు.

ఆ తర్వాతి ఆదివారం దుకాణానికి పోతే లేడీస్ సైకిల్ హ్యాండిల్‌కు అద్దం బిగించి ఉంది. పాత స్కూటర్ అద్దం, ఒక మూల పగిలింది. భాయ్ డబ్బులు తీసుకోలేదట. నాకు మంట పుట్టింది. ఇక నేనెందుకు? అంటే, నన్ను నమ్మడం లేదన్నట్టే కదా. క్యారియర్ ఎక్కను అన్నాను. "ఎక్కురా" అన్నాడు. ఎక్కాను, కానీ మాట్లాడలేదు. బస్సు వచ్చింది, చెప్పలేదు. ఆయనే అద్దంలో చూసి పక్కకు జరిగాడు. మోరీ గోడ దగ్గర ఆగలేదు, గుడి దగ్గర ఆగలేదు. తిన్నగా తూము గోడకు పోయాం.

అక్కడ కాలు పెట్టి దిగి, సైకిల్‌ను గోడకు ఆనించి, పెద్దనాయిన ఆ అద్దాన్ని వేళ్ళతో పట్టుకుని పైకి తిప్పాడు. పూర్తిగా ఆకాశంకేసి. దాని ముందు నిలబడి అందులోకి చూస్తూ ఉన్నాడు. నేను మూతి ముడుచుకుని దూరంగా కూచున్నాను. కాసేపటికి కొంగలు లేచాయి. ఆయన అరిచిన అరుపు కట్ట మీద పోయే వాళ్ళంతా విన్నారు.

"కాళ్ళు ఎనకకు సాపుకొని పోతయ్‌రా అవి! నాకు ఎరుకనే లేదు!"

నీళ్ళలో కనిపించే కొంగకు కాళ్ళు అంత స్పష్టంగా తెలియవు మరి. వచ్చేటప్పుడు అద్దాన్ని అట్లాగే పైకి ఉంచాడు. "ఏమొస్తందిరా?" అన్నాడు. నేను చెప్పాను.

తర్వాత ఏడెనిమిదేళ్ళలో వందల ఆదివారాలు పోయాం కానీ నాకు అన్నీ కలిసి ఒకటే అయిపోయాయి. రెండు మూడు విడిగా గుర్తున్నాయి. పొలాల మధ్యలో ఛాయా సోమేశ్వరాలయం ఉంది, మూడు గర్భగుడులది. ఒకదానిలో లింగం వెనక గోడ మీద పొద్దంతా ఒక స్తంభం నీడ పడి ఉంటుంది. సూర్యుడు కదిలినా నీడ కదలదు. వెలుతురు వేరే వేరే దిక్కుల నుంచి లోపలికి వచ్చేటట్టు స్తంభాలను నిలిపారని, అన్నిటి నీడలూ ఒకే చోట కలుస్తాయని తెలిసినవాళ్ళు చెప్తారు. గట్ల మీద నడిపించుకుంటూ ఒకసారి పెద్దనాయినను తీసుకుపోయాను. చాలాసేపు చూసి, "దీనికి కూడ మెడ పట్టేసిందిరా" అన్నాడు. పూజారి నవ్వాలా వద్దా అని ఆలోచించి నవ్వాడు.

ఇంకోటి, బతుకమ్మ ముందు రోజులు. గునుగు పూలకు, తంగేడుకు పోయేవాళ్ళం. ఆయన వంగి కొయ్యలేడు, నేను కోసి అందిస్తే క్యారియర్‌కు కట్టేవాడు. ఆ రోజు నేను కూచోవడానికి చోటుండేది కాదు, పక్కన ఉరికేవాణ్ణి. లేడీస్ సైకిల్, దాని వెనక గునుగు మోపు, పైన అంగీ గుండీలు పెట్టుకున్న మీసాల మనిషి. గడియారం దగ్గర నవ్వని వాళ్ళు లేరు. నవ్వినవాళ్ళకు ఆయన చెయ్యెత్తి దండం పెట్టేవాడు.

1994లో పోయాడు. బొక్కల వల్ల కాదు, గుండె. ఆ తర్వాత ఏండ్లకు నాగార్జునసాగర్ వెనక నీళ్ళను పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, అక్కంపల్లి మీదుగా ఎలిమినేటి మాధవరెడ్డి కాల్వ ఉదయసముద్రానికి తెచ్చింది. ఎండాకాలం నెర్రెలు బారి, శిఖంలో, అంటే ఎండిన చెరువు అడుగున, దోసపాదులు పెట్టుకునే చెరువు, ఇప్పుడు ఒకటిన్నర టీఎంసీల జలాశయం. మర్రిగూడ వైపు ఊళ్ళకు ఇంటింటికీ కృష్ణా నీళ్ళ నల్లా వచ్చింది. పెద్దమ్మ అది చూసింది. మొదటి రోజు బిందె నింపుకుని, అలవాటు చొప్పున పటిక వేసి తిప్పింది.

పోయిన సంక్రాంతికి మా అమ్మాయితో కట్ట మీదికి పోయాను. రెండూ గేరు సైకిళ్ళు. బైపాస్ దాటేదాకా గొడవే, లారీలు ఎక్కువ, పిల్లను వెంటబెట్టుకుని పోయేవాళ్ళు పొద్దున ఆరింటికే బయల్దేరడం మంచిది. కట్ట మీద నడిచేవాళ్ళు చాలామంది ఉన్నారు. నీళ్ళు ఎక్కువైనందుకో ఏమో మడుగుల్లో జమ్ము నా చిన్నప్పటి కంటే ఏపుగా ఉంది. తూము గోడ దగ్గరికి రాగానే నేను దాని మీద కాలు పెట్టి ఆగాను.

"నేల అందుతుంది కదా నాన్నా, గోడ మీద ఎందుకు పెడుతున్నవ్?" అంది.

చెప్పాను, కొంచెం చెప్పి కొంచెం వదిలేసి. లకుముకి పిట్ట సంగతి వదల్లేదు. అంతా విని తను వెనక్కి తిరిగి కూచుని చూస్తానంది. రెండు సైకిళ్ళూ వెతికాం. ఈ గేరు సైకిళ్ళకు క్యారియర్ ఉండదు.